తాతల పేర్లు వెతకడానికి ఎంతవుతుంది? విశాఖలో మొదలుపెట్టేవారికి సమగ్ర మార్గదర్శి

నాలుగేళ్ల కిందట ఓ వానాకాలం రాత్రి, నిద్ర పట్టక, ఫోనులో ఓ విదేశీ వంశవృక్షాల సైటుకి ఏడాది చందా కట్టేశాను. మా ముత్తాత గురించి అప్పటికి నాకు తెలిసింది రెండే ముక్కలు. పేరు అప్పలస్వామి, ఊరు శృంగవరపుకోట దగ్గర. మీ ఇంటిపేరుతో వందల రికార్డులున్నాయి, డబ్బు కడితే చూపిస్తామని ఆ సైటు ఊరించింది. కట్టాక చూస్తే న్యూజెర్సీ ఫోన్ డైరెక్టరీలు, టెక్సాస్‌లో ఇళ్ల అమ్మకాలు. మా ఇంటిపేరువాళ్లే, కాదనను. కానీ అందరూ నాకంటే చిన్నవాళ్లు.

ముత్తాత తండ్రి పేరు చివరికి దొరికింది. ఒక మండల ఆఫీసు రికార్డు గదిలో, చెదలు తిన్న రిజిస్టరులో ఒక వరుసలో ఉంది. దాని జిరాక్సుకి రెండు రూపాయలు తీసుకున్నారు.

అందుకే ఇక్కడ చెప్పే వరుస ముఖ్యం. ముందు ఇల్లు, తర్వాత భూమి కాగితాలు, తర్వాత ఉచిత సైట్లు, అన్నీ అయ్యాక మాత్రమే చందాలు. చాలామంది తలకిందులుగా మొదలుపెట్టి, డబ్బు పోయాక విసుగొచ్చి మానేస్తారు.

మొదటి మెట్టు: ఇంట్లో ఉన్నది రాసుకోండి (ఖర్చు: ఒక నోటుబుక్కు)

తద్దినం పెట్టే ఇళ్లలో మూడు తరాల పేర్లు ఎలాగూ నోటికి వస్తాయి. పితృ, పితామహ, ప్రపితామహ అని పురోహితుడు చెప్పించేది అదే. ఆడవాళ్ల వైపు కూడా తల్లి, నాయనమ్మ, ఆవిడ అత్తగారు అని మూడు పేర్లుంటాయి. ఇంట్లో పెద్దదిక్కు లేకపోతే మీ పురోహితుడినే అడగండి. కొందరి దగ్గర యజమానుల పేర్ల చిట్టా ఉంటుంది. తద్దినాల ఆచారం లేని ఇళ్లలో పెద్దలకు పెట్టే బట్టలప్పుడు తలుచుకునే పేర్లున్నాయి, పాత శుభలేఖలున్నాయి, ఫొటోల వెనక రాతలున్నాయి. కొన్ని కులాలకు పిచ్చుకగుంట్లవారు, అంటే వంశరాజులు, తరతరాలుగా గోత్రాలు, వంశక్రమం చెప్పేవారు. మీ ఊరికి వాళ్లు వచ్చేవారేమో పెద్దల్ని అడిగి చూడండి.

మా పెద్దమ్మ దగ్గర ఓ చిన్న చేతి పుస్తకం ఉంది. అందులో ఒక పేజీలో వాళ్ల మావగారి పేరు, కింద "రక్తాక్షి మాఘ బహుళ దశమి" అని ఉంది. ఏడాది అంకెల్లో లేదు. భయపడక్కర్లేదు. తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి. రక్తాక్షి 1924లో వచ్చింది, మళ్లీ 1984లో వచ్చింది. మాఘం జనవరి, ఫిబ్రవరిల్లో పడుతుంది కాబట్టి ఆ మనిషి పోయింది 1925 మొదట్లోనో, 1985 మొదట్లోనో. ఆయన్ని చూసినవాళ్లు ఎవరూ బతికి లేరు కనుక 1925 అని తేల్చుకున్నాం. ఉచితంగా దొరికే పంచాంగం యాప్‌లో తారీఖు కూడా వస్తుంది.

ఇంకో కిటుకు. మనవడికి తాత పేరు పెట్టే అలవాటున్న ఇళ్లలో పేరే ఒక ఆధారం. మీ తాత పేరు సింహాద్రి అయితే, ఆయన తాత కూడా సింహాద్రి అయ్యే అవకాశం బాగా ఉంది. ఆధారం దొరికేదాకా దాన్ని ఊహగానే ఉంచండి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి రాసుకోండి.

రెండో మెట్టు: మీ ఊరు అప్పుడు ఏ జిల్లా?

ఇది తెలియక తిరిగే ఆటో ఖర్చే పెద్దది. పాత విశాఖపట్నం జిల్లా చాలా పెద్దది, దాన్ని ముక్కలు చేస్తూ వచ్చారు. 1936లో జయపురం, కోరాపుట్ వైపు ఒరిస్సాకి పోయింది. 1950లో శ్రీకాకుళం విడిపోయింది. 1979 జూన్‌లో విజయనగరం జిల్లా వచ్చింది, మా శృంగవరపుకోట అటు వెళ్లిపోయింది. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు వేరయ్యాయి. కాబట్టి నర్సీపట్నం వైపు కుటుంబమైతే 1970ల కాగితం మీద విశాఖపట్నం జిల్లా అనే ఉంటుంది. మీరు దరఖాస్తు పెట్టాల్సింది మాత్రం ఇప్పుడు ఆ ఊరు ఏ మండలంలో ఉందో ఆ ఆఫీసులో.

సైట్లలో వెతికేటప్పుడు ఇంగ్లీషు స్పెల్లింగు పాతది వాడాలి. విశాఖపట్నం అని ఇప్పటి స్పెల్లింగు కొడితే బ్రిటిష్ కాలం కాగితాలు రావు. వి, ఐ, జెడ్, ఏ, జి, ఏ, పి, ఏ, టి, ఏ, ఎం అని కొట్టండి. భీమునిపట్నానికి బిమ్లిపటం అని, శ్రీకాకుళానికి చికాకోల్ అని ఉంటుంది. ఉత్తర విశాఖని వాల్తేరు అనేవారు. పేర్లు ఇంకా ఘోరం. గుమస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్నాడు. పైడితల్లి, అప్పలనర్సమ్మ లాంటి పేర్లకి కనీసం నాలుగైదు రూపాలు కాగితం మీద రాసుకుని ఒక్కోటీ కొట్టి చూడాలి.

మూడో మెట్టు: భూమి కాగితాలు

సెంటు భూమి కూడా లేని కుటుంబాలకి ఈ మెట్టు ఉపయోగపడదు. వాళ్లు నేరుగా ఐదో మెట్టుకి వెళ్లొచ్చు. మిగిలినవాళ్లకి అసలు గని ఇదే.

ముందు మీభూమి పోర్టల్‌లో ఊరు ఎంచుకుని అడంగల్ (ఊరి సాగు లెక్కల పుస్తకం), 1-బి (పట్టాదారుల పుస్తకం) చూడండి. చూడ్డానికి డబ్బు అక్కర్లేదు. 1-బిలో పట్టాదారు పేరు పక్కన తండ్రి పేరు ఉంటుంది. మీకు కావాల్సింది సర్వే నంబరు. దాన్ని పట్టుకుని వెనక్కి నడవాలి.

వెనక్కి నడిస్తే ఎక్కడ ఆగుతారన్నది ఆ ఊరు ప్రభుత్వ గ్రామమా, జమీందారీ గ్రామమా అన్నదాన్ని బట్టి ఉంటుంది. 1802లో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చాక మన జిల్లాలో అత్యధిక భాగం విజయనగరం లాంటి జమీందారీల కింద ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం నేరుగా రైతుతో లెక్క పెట్టుకున్న తాలూకాలు మూడే: సర్వసిద్ధి, గొలుగొండ, పాలకొండ. ఇప్పటి లెక్కలో యలమంచిలి, నర్సీపట్నం వైపులు, అటు పాలకొండ. ఆ ఊళ్లలో రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, అంటే భూములకి మళ్లీ శిస్తు కట్టినప్పుడు రాసిన పుస్తకం, ఉంటుంది. ఆఫీసుల్లో ఆర్.ఎస్.ఆర్. అంటారు, కొందరు డైగ్లాట్ అంటారు. అది ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగం దాకా తీసుకెళ్తుంది.

జమీందారీ ఊళ్లలో రైతు పేరు ప్రభుత్వ పుస్తకంలోకి ఎక్కింది చాలా ఆలస్యంగా. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్వే, సెటిల్‌మెంట్ జరిగినప్పుడు రాసిన పుస్తకం పేరు సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, పొట్టిగా ఎస్.ఎఫ్.ఏ. మీరు ఆఫీసుకి వెళ్లి "పాత అడంగల్ కావాలండీ" అంటే పదేళ్ల కిందటిది తీసి చేతిలో పెడతారు. "మాది ఎస్టేట్ గ్రామం, ఎస్.ఎఫ్.ఏ. నకలు కావాలి, సర్వే నంబరు ఇది" అనండి. గుమస్తా మొహం మారిపోతుంది, మీరు తెలిసి వచ్చారని.

నాకు దొరికింది అక్కడే. పసుపచ్చబడ్డ పేజీ, కుడి అంచు చెదలు తినేసింది. నీలం సిరా, చక్కటి గుండ్రటి చేతిరాత. సర్వే నంబరు, విస్తీర్ణం, మెట్ట, దాని పక్కన మా ముత్తాత పేరు, ముందు తండ్రి పేరు. ఆ పేరు మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పలకగా నేను వినలేదు. కింద వరుసలో అదే తండ్రి పేరుతో ఇంకో మనిషి. అంటే ముత్తాతకి అన్నో తమ్ముడో ఉన్నాడన్నమాట. సర్వే నంబరుకి పైనా కిందా రెండేసి పేజీల నకలు అడగమని నేను చెప్పేది అందుకే. దాయాదుల భూములు పక్కపక్కనే ఉంటాయి.

ఈ పుస్తకాల్లో, పాత శిస్తు రసీదుల్లో ఏడాది ఫసలీలో, అంటే జూలై నుంచి జూన్ దాకా నడిచే శిస్తు సంవత్సరంలో, ఉంటుంది. ఫసలీకి 590 కలపండి. ఫసలీ 1350 అంటే 1940 జూలై నుంచి 1941 జూన్ దాకా.

ఇనాం భూములు, అంటే దానంగానో, చేసే సేవకో ఇచ్చిన మాన్యాలు, ఉన్న కుటుంబాల అదృష్టం వేరు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. ఆ తర్వాత సంవత్సరాల్లో ఊరూరా విచారించి ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు రాయించింది. మొదట ఎవరికిచ్చారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, వయసెంత, మొదటి మనిషికి ఏమవుతాడు, ఇవన్నీ అందులో ఉంటాయి. దేవుడి మాన్యాలు, అగ్రహారాలు మాత్రమే అనుకోకండి. మంగలి, చాకలి, కమ్మరి, వడ్రంగి, ఊరి కాపలాదారు, అందరి సర్వీసు ఇనాములూ ఇందులోకి వస్తాయి. చదువుకున్న ఇళ్ల చరిత్రే దొరుకుతుందన్న మాట ఇక్కడ చెల్లదు. అదృష్టం ఉంటే ఒక్క కాగితంతో 1860ల నుంచి ఇంకో రెండు తరాలు వెనక్కి వెళ్లొచ్చు. మండల ఆఫీసులో లేకపోతే కలెక్టరేట్ రికార్డు గది, అక్కడా లేకపోతే స్టేట్ ఆర్కైవ్స్. మద్రాసు ప్రెసిడెన్సీ పాత ఫైళ్లు చాలా మట్టుకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోనే ఉండిపోయాయి.

ఆఫీసు ఇవ్వడం లేదా? అడుగుతున్నది చట్టబద్ధంగా అడగండి. సమాచార హక్కు దరఖాస్తుకి మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. మామూలు సైజు పేజీ నకలుకి 2 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తులో "మా వంశ చరిత్ర కావాలి" అని రాయకండి, అలా రాస్తే మా దగ్గర లేదని జవాబొస్తుంది. ఏ గ్రామం, ఏ సర్వే నంబరు, ఏ రిజిస్టరు, ఎన్ని పేజీలు, అంతే రాయండి. నాకు మొదటిసారి రికార్డు శిథిలమైందని ఒక ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. రెండోసారి ఉన్నంత మేరకు రిజిస్టరును స్వయంగా చూసే అవకాశం ఇవ్వండి అని అడిగాను. ఆ హక్కు కూడా చట్టంలో ఉంది. వెళ్తే రిజిస్టరు బల్ల మీద ఉంది.

నాలుగో మెట్టు: దస్తావేజులు

రిజిస్ట్రేషన్ శాఖ సైటులో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) 1983 నుంచే కంప్యూటర్లో దొరుకుతుంది. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేత్తో వెతికించాలి. వెతుకులాట ఫీజు, నకలు ఫీజు విడివిడిగా ఉంటాయి. ఎన్నేళ్లు వెతికించాలన్న దాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి కాలాన్ని ముందే కుదించుకుని వెళ్లండి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజుల పుస్తకాన్ని, అంటే ఒకటో పుస్తకాన్ని, దాని ఇండెక్సుల్ని ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు. వీలునామాల పుస్తకానికి మాత్రం ఆ వెసులుబాటు లేదు. ఇండెక్సు ఒకటి మనుషుల పేర్ల మీద, రెండు ఆస్తి మీద. పాత క్రయపత్రం మొదటి నాలుగు వరుసలు చదవండి చాలు. ఫలానా గ్రామ కాపురస్తుడు, ఫలానా వారి కుమారుడు, కులం, వృత్తి, "నాకు పిత్రార్జితంగా సంక్రమించిన" అని తండ్రి మాట. సాక్షి సంతకాల్లో బావమరుదులు, వియ్యంకులు కనిపిస్తారు. ఆడవాళ్ల పేర్లు దొరికే చోటు కూడా ఇదే. పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమి, ఆడపడుచు హక్కు వదులుకున్న కాగితం. అడంగల్‌లో కనిపించని అత్త ఇక్కడ కనిపిస్తుంది.

ఐదో మెట్టు: నగరంలో మిగిలిన చోట్లు

జనన మరణ రికార్డులకి మహా విశాఖ నగరపాలక సంస్థ. మద్రాసు రాష్ట్రంలో 1899 చట్టం కింద నమోదు మొదలైంది, ఇప్పుడు నడుస్తున్నది 1969 చట్టం. కానీ పాత రిజిస్టర్లలో బిడ్డ పేరు చాలాసార్లు ఉండదు, తండ్రి పేరు, వీధి మాత్రమే ఉంటాయి. తారీఖు దగ్గరగా తెలియకపోతే వెళ్లి ప్రయోజనం లేదు.

బడి అడ్మిషన్ రిజిస్టరు నాకు ఇంతకంటే ఇష్టం. పాత ఊళ్లోని సెయింట్ ఎలోషియస్ 1847 నాటిది, ఏవీఎన్ కాలేజీ మూలం 1860 నాటి బడి. మీ తాత చదివిన బడి ఏదో తెలిస్తే స్టడీ సర్టిఫికెట్ అడగండి. తండ్రి పేరు, పుట్టిన తేదీ (అది బడి పంతులు వేసిన తేదీ అని గుర్తుంచుకోండి), ముందు చదివిన బడి దొరుకుతాయి.

గాజువాక, పెదగంట్యాడ వైపు ఉక్కు ఫ్యాక్టరీకి భూములిచ్చిన కుటుంబాలకి ఆర్ కార్డు, అంటే నిర్వాసితుల పునరావాస కార్డు, ఉంటుంది. ఇప్పుడు ఆ ఊళ్లు పటం మీద లేవు. ఆర్ కార్డులో మాత్రం ఊరి పేరు, మనిషి పేరు ఉన్నాయి. భూసేకరణ నోటిఫికేషన్లు గెజిట్‌లో సర్వే నంబరు, హక్కుదారు పేరుతో సహా అచ్చయ్యేవి. ఉద్యోగం కోసం దాచిన ఆ కార్డే చాలా ఇళ్లలో మిగిలిన ఒకే వంశపత్రం.

క్రైస్తవ కుటుంబాలైతే చర్చి రిజిస్టరు. లండన్ మిషనరీలు విశాఖలో దిగింది 1805లో. బాప్తిస్మం, పెళ్లి, సమాధి పుస్తకాలు చర్చిలోనే ఉంటాయి. ఫాదరునో, పాస్టరునో అడిగితే చాలాచోట్ల డబ్బు తీసుకోరు. కానుక డబ్బాలో మీ ఇష్టం.

ఆరో మెట్టు: ఉచిత సైట్లు

ఫ్యామిలీసెర్చ్ అమెరికాలోని ఒక క్రైస్తవ సంఘం నడుపుతుంది. ఖాతా ఉచితం, కార్డు నంబరు అడగరు. బ్రిటిష్ ఇండియా బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధుల సూచికలు అందులో ఉన్నాయి. హిందూ తీర్థయాత్ర పుస్తకాల ఫొటోలు కూడా ఉన్నాయి. విని సంబరపడకండి. అవి హరిద్వార్ లాంటి ఉత్తరాది క్షేత్రాలవి, చాలా మట్టుకు ఉత్తరాది కుటుంబాలవి. మన పెద్దలు గయ, కాశీ వెళ్లుంటే అక్కడి పండా (తీర్థ పురోహితుడి) పుస్తకంలో సంతకం ఉండొచ్చు. అది వెళ్లి చూడాల్సిందే.

నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల సైటు అభిలేఖ్ పటల్‌లో పేరు నమోదు చేసుకుంటే స్కాన్ చేసిన ఫైళ్లు ఉచితంగా చదవొచ్చు. సామాన్య రైతు పేరు దొరకదు. తాత స్వాతంత్ర్య పోరాటంలోనో, రైల్వేలోనో, సైన్యంలోనో ఉంటే ప్రయత్నించండి. బ్రిటిష్ ఇండియా కుటుంబాల సంఘం ఫిబిస్ వాళ్ల డేటాబేస్ వెతకడం ఉచితం. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ముందు అక్కడికే వెళ్లాలి.

వలస వెళ్లినవాళ్ల సంగతి ప్రత్యేకం. మన జిల్లా నుంచి వేలమంది ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నాటాల్, మారిషస్, ఫిజీ వెళ్లారు. నాటాల్‌కి 1860 నుంచి 1911 దాకా నడిచిన ఓడల జాబితాల్లో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు వరుసగా ఉన్నాయి. మన ఊళ్లో మిగిలిన తమ్ముడికి కాగితం లేకపోయినా ఓడెక్కిన అన్నకి ఉందన్నమాట. ఈ జాబితాల్ని డర్బన్‌లోని గాంధీ లుతులి డాక్యుమెంటేషన్ కేంద్రం ఉచితంగా పెట్టింది. మారిషస్‌వి మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ దగ్గరున్నాయి, దరఖాస్తు పెట్టి అడగాలి. ఫిజీకి మద్రాసు ఓడలు మొదలైంది 1903లో. బర్మా వెళ్లినవాళ్లకి ఇలాంటి ఒప్పంద కాగితాలు ఉండవు, వాళ్లు మేస్త్రీల వెంట వెళ్లారు. బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్లు స్థిరపడ్డ మన బర్మా క్యాంపు పెద్దల నోటి మాటే వాళ్లకి ఆధారం, అది కూడా త్వరగా రికార్డు చేసుకోవాలి.

జనాభా లెక్కల్లో పేర్లు దొరుకుతాయని ఎవరన్నా అంటే నమ్మకండి. అమెరికాలో 1950 లెక్కల్లో ఇంటింటి పేర్లు చూడొచ్చు. మన 1948 సెన్సస్ చట్టం ఆ వివరాల్ని ఎవరికీ చూపనివ్వదు. విదేశీ సైట్లు సెన్సస్ పేరు చెప్పి అమ్మే చందా మనకి వృథా కావడానికి మొదటి కారణం ఇదే.

ఏడో మెట్టు: డబ్బు ఎవరు కట్టాలి?

నా లెక్కలో ముగ్గురే. ఆంగ్లో ఇండియన్, యూరోపియన్ మూలాలున్నవాళ్లు, బ్రిటిష్ సర్కారు పెన్షన్లు తీసుకున్న కుటుంబాలు, అమెరికా, ఇంగ్లండుల్లో రెండు తరాలుగా ఉన్న బంధువుల శాఖను రాస్తున్నవాళ్లు. మొదటి ఇద్దరికీ చందా సైటు ఫైండ్‌మైపాస్ట్ పనికొస్తుంది. లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు చర్చి రిజిస్టర్ల ఫొటోలు అందులో ఉన్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీవి ఎన్/2 అనే వరుసలో ఉంటాయి, విశాఖ అందులోదే. ముందు ఫ్యామిలీసెర్చ్ ఉచిత సూచికలో పేరు, ఏడాది పట్టుకోండి. అన్నీ ఒక జాబితా రాసుకుని, ఒక్క నెలకి మాత్రం చందా కట్టి, ఆ నెలలో ఫొటోలన్నీ దింపుకుని బయటికి వచ్చేయండి.

అంతకంటే చవక దారి ఉంది. అమెరికా, ఇంగ్లండుల్లో చాలా పబ్లిక్ లైబ్రరీలు యాన్సెస్ట్రీ అనే చందా సైటుని లైబ్రరీలో కూర్చుని ఉచితంగా వాడుకోనిస్తాయి. ఫ్యామిలీసెర్చ్ కేంద్రాల్లోని కంప్యూటర్లలో డబ్బు సైట్లు కూడా ఉచితం. విశాఖలో అమెరికాలో మనిషి లేని వీధి ఏది? మేనకోడలికి జాబితా వాట్సాప్ చేసి, "ఈ ఆదివారం లైబ్రరీకి వెళ్లి ఇవి చూసి పెట్టమ్మా" అనండి. నేను ఆ పని చందా కట్టిన ఆరు నెలల తర్వాత నేర్చుకున్నాను.

కట్టక తప్పకపోతే నాలుగు జాగ్రత్తలు.

యాన్సెస్ట్రీ, మైహెరిటేజ్ పద్నాలుగు రోజులు ఉచితమంటాయి, కానీ కార్డు నంబరు ముందే తీసుకుంటాయి. పదమూడో రోజు కాదు, చేరిన రోజునే రద్దు చేయడం ఎలాగో చూసి పెట్టుకుని క్యాలెండర్లో గుర్తు పెట్టుకోండి.

ధర పౌండ్లలోనో డాలర్లలోనో ఉంటే బ్యాంకు మార్పిడి రుసుము అదనం. ఉదాహరణకి పది వేల రూపాయల చందాకి మీ కార్డు 3.5 శాతం వేస్తే 350, దాని మీద 18 శాతం జీఎస్టీ 63, మొత్తం 413 రూపాయలు ఎక్కువ.

ఏటా తనంతట తాను కోసుకునే చందాలకి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 24 గంటల ముందు మెసేజ్ రావాలి. 15,000 రూపాయల లోపు అయితే ఓటీపీ కూడా అడగరు. ఆ మెసేజ్‌ని ప్రకటనల మెసేజ్ అనుకుని తీసేస్తే అంతే. నా రెండో ఏడాది చందా అలాగే పోయింది.

ఇక, ఊరించే అంకెల్ని పట్టించుకోకండి. "వందల రికార్డులు" అన్నది ఇంటిపేరు కలిసిన ప్రతి మనిషి, ప్రతి దేశం. డబ్బు కట్టకముందే జిల్లా పేరు, 1950 కంటే ముందు అనే రెండు వడపోతలు పెట్టండి. అప్పుడు అంకె సున్నాకి వస్తే కట్టకండి.

ఊరి చరిత్ర కోసం

ఇక్కడ ఖర్చు దాదాపు లేదు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కార్మైకేల్ 1869లో రాసిన విశాఖపట్నం జిల్లా మాన్యువల్, ఫ్రాన్సిస్ 1907 నాటి గెజిటీర్ రెండూ ఉచితం. ఆన్‌లైన్ దుకాణాల్లో ఇవే పునర్ముద్రణలు మంచి ధరకి అమ్ముతారు, కొనక్కర్లేదు. కార్మైకేల్‌లో జమీందారీల కథలు, ఫ్రాన్సిస్‌లో తాలూకాల వారీగా ఊళ్ల వివరాలు. తెల్లదొర కలం అని గుర్తుంచుకుని చదవాలి, కులాల గురించి రాసిన చోట మరీను. సమాధుల శాసనాల మీద కాటన్ 1905లో వేసిన జాబితా కూడా అక్కడే ఉంది. భీమిలి డచ్చి సమాధులు, పాత ఊళ్లోని యూరోపియన్ శ్మశానం చూడబోయేముందు అది ఫోనులో దింపుకోండి, అరిగిపోయిన అక్షరాలు చదవడానికి పనికొస్తుంది.

1951 నుంచి వచ్చిన జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కులు సెన్సస్ సైటులో ఉచితం. మనుషుల పేర్లుండవు గానీ మీ ఊళ్లో ఎన్ని ఇళ్లు, బడి ఉందా, నీటి వసతి ఏమిటి తెలుస్తుంది. పాత పటాలకి టెక్సాస్ విశ్వవిద్యాలయం పెట్టిన అమెరికా సైన్యం పటాలు బాగుంటాయి. ఉక్కు ఫ్యాక్టరీకి ముందు ఆ తీరం మీద ఏయే పల్లెలున్నాయో వాటిలో చూశాను.

పత్రికలకి, ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక సంచికలున్నాయి. అక్షరం కొట్టి వెతకడం కుదరదు, తారీఖు తెలిసి తిప్పుకోవాలి. కాగితమే చూడాలంటే ఆంధ్ర విశ్వవిద్యాలయం డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం, ద్వారకానగర్‌లోని విశాఖ పౌర గ్రంథాలయం. తీరిక ఉంటే చీరాల దగ్గర వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం. రైలు టిక్కెట్టే ఖర్చు. పరిశోధన వ్యాసాల సైటు జేస్టోర్‌లో సొంత ఖాతా తెరిస్తే నెలకి వంద వ్యాసాలు తెర మీద ఉచితంగా చదవొచ్చు.

నాకైన లెక్క

విదేశీ చందా రెండేళ్లు: చెప్పుకోడానికి సిగ్గేసేంత. సమాచార హక్కు దరఖాస్తులు రెండు: 10 రూపాయలు. నకళ్లు తొమ్మిది పేజీలు: 18 రూపాయలు. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి శృంగవరపుకోటకి నాలుగుసార్లు బస్సు, రెండు సెలవులు. అక్కడి ఆఫీసు ఎదుట టీ కొట్టువాడికి ఇప్పుడు నా పేరు తెలుసు.

కాగితాలు దొరికాక లామినేషన్ చేయించకండి, వేడికి సిరా పాడైతే మళ్లీ రాదు. పగటి వెలుగులో ఫొటో తీసి, ఫైలు పేరులోనే ఊరు, సర్వే నంబరు, రిజిస్టరు, చూసిన తేదీ రాసి ముగ్గురు బంధువులకి పంపించండి. నేను పంపిన మర్నాడు మా పెద్దమ్మ ఫోన్ చేసింది. ఆ కింది వరుసలోని రెండో పేరు వాళ్లింట్లో తలుచుకునేవారట, ఓడెక్కి వెళ్లి తిరిగి రాలేదని. ప్రస్తుతం నాటాల్ జాబితాల్లో 1890ల దగ్గర ఉన్నాను.